గడప ఇవతల రాజకీయం

తాళాల బాబాయ్ మా ఇంట్లో, మా అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "తలుపేసి రా అమ్మాయ్, రాజకీయం మాట్లాడాలి" అన్నాడు. పోయినవారం కథని సరిగ్గా అక్కడ ఆపి, మిమ్మల్ని నిలబెట్టి వెళ్ళిపోయాను. పక్కింటాయన రాజకీయం మాట్లాడతానంటే గుండె జారిపోవడమెందుకు, ఈవిడకి అన్నీ హడావుళ్ళే, అని కొందరు అనుకునే ఉంటారు. వాళ్ళకి మా మెట్ల సంగతి తెలియదు.

మా రెండు గుమ్మాలూ ఎదురెదురు. మధ్యలో మెట్ల మలుపు, మహా అయితే నాలుగడుగులు. మా ఆయన బతికున్న రోజుల్లో, ఒకసారి ఎన్నికల ముందు, ఆయనా బాబాయీ మా ఇంట్లో కూర్చుని, ఇప్పుడు మమ్మల్ని ఏలుతున్న పెద్దాయన గురించి వాదించుకున్నారు. వాదించుకుని వాదించుకుని, చివరికి ఒక స్టీలు గ్లాసు గోడకి తగిలి సొట్ట పడింది. ఎవరు విసిరారో ఇద్దరూ ఒప్పుకోలేదు. అప్పుడు మా అత్తయ్యా, అవతలింటి పిన్నీ కలిసి ఒక శాసనం చేశారు. రాజకీయమంతా మెట్ల మలుపులోనే. గడప దాటి లోపలికొస్తే ఒంట్లో ఎలా ఉంది, బియ్యం అయిపోయాయా, ఇవే. అది జరిగి పదకొండేళ్ళు.

ఆ ఏడాదే మా ఆయన పోయాక ఆ వాదన ఆస్తిలాగా నాకు వచ్చింది. రోజూ సాయంత్రం ఆరింటికి బాబాయ్ చిన్న ఆకురాయి పట్టుకుని తన గుమ్మం ముందు తాళంచెవులు రుద్దుతూ కూర్చుంటాడు. నేను నా గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంటాను. ఆయనకి పెద్దాయన దేవుడు. నాకు పెద్దాయన పేరు వింటేనే ఒళ్ళు మంట. "నీకు కృతజ్ఞత లేదమ్మాయ్" అంటాడు ఆయన. "నీకు కళ్ళు లేవు బాబాయ్" అంటాను నేను. ముందు ఎవరు గొంతు పెంచితే వాళ్ళు ఓడినట్టు లెక్క. ఏడింటికి పిన్ని లోపల్నుంచి కేకేస్తుంది, ఎవరింట్లోకి వాళ్ళం పోతాం. మా ఇంటి రెండో తాళంచెవి వాళ్ళింట్లో మేకుకి వేలాడుతూనే ఉంటుంది, ఎందుకంటే నేను పనిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం మందు అత్తయ్యకి పిన్నే వేస్తుంది. పార్టీ ఏదైతేనేం, ఆ మేకు మీద తాళంచెవికి ఎప్పుడూ అనుమానం రాలేదు.

అలాంటి మనిషి గడప ఇవతల కూర్చుని రాజకీయం అన్నాడు. అదీ మా అత్తయ్య బొంత అంచు మోకాళ్ళ మీద వేసుకుని, బొటనవేలితో దాన్ని తడుముతూ అన్నాడు. ఆ బొంతలో ఏముందో మీకు తెలుసు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. నాది చొక్కాల ఫ్యాక్టరీలో కాజాల మిషన్. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. పెద్దాయన కొత్త ఉత్తర్వు వచ్చాక, సంఘం పెట్టుకోవాలంటే ముందుగా వందమంది సంతకాలు కోర్టులో ఇవ్వాలి. ఇచ్చేశాక మమ్మల్ని ఎవరూ పనిలోంచి తీసెయ్యడానికి లేదు. ఇవ్వకముందే కాగితాలు దొరికాయంటే మాత్రం అయిపోయినట్టే. పోయినేడు మా ఎదురుగా ఉన్న ప్యాంట్ల ఫ్యాక్టరీలో అదే జరిగింది. రెండు రోజుల ముందు కాగితం బయటపడింది, మర్నాడు నలభై మూడు మంది ఆడవాళ్ళని గేటు దగ్గరే ఆపేశారు. ఈ రోజుకీ వాళ్ళని ఏ ఫ్యాక్టరీ రానివ్వడం లేదు. మావి నూట పన్నెండు సంతకాలు, నాలుగు కాగితాలు. సోమవారం ఇవ్వాలి. కథలో ఇవాళ శుక్రవారం.

అందర్నీ కదిలించింది కాలరక్క. లైనులో నా ముందు కూర్చుని కాలర్లకి చేత్తో టాకాలేసి కుడుతుంది, మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. ఎడమచేతివాటం మనిషి, తన చేతికి సరిపోయే కత్తెర సొంతంగా తెచ్చుకుంటుంది. మొదటి సంతకం తనది, రెండోది నాది. కాగితాలు మా ఇంట్లో పెట్టమన్నది కూడా తనే. "పెద్దాయన మనిషి నీ పక్కింట్లో ఉన్నాడు. నీ ఇంటిని ఎవరు అనుమానిస్తారే కాజాలూ?" అంది. నిజమే కదా అనుకున్నాను. పోయిన ఆదివారం అత్తయ్య బొంత ఒక మూల విప్పి, కాగితాలు లోపలికి తోసి, మళ్ళీ కుట్టేశాను. కావాలని వంకరటింకరగా, పాత కుట్లలో కలిసిపోయేలా కుట్టాను. ఇరవై ఏళ్ళు కాజాలు కుట్టినదానికి వంకరగా కుట్టడం ఎంత కష్టమో చెప్తే నమ్మరు. చేతులు మాట వినలేదు, మూడుసార్లు విప్పాల్సి వచ్చింది. ఎక్కడ దాచానో కాలరక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక ఇవాళ్టి సంగతి. ఎనిమిదింటిదాకా ఓవర్‌టైమ్ అని నిన్న సాయంత్రమే బోర్డు మీద నా పేరు రాశారు, పొద్దున వెళ్తూ బాబాయ్‌కి చెప్పాను. నాలుగింటికి నా మిషన్ మొరాయించింది, మెకానిక్ రేపు చూస్తానన్నాడు, పొమ్మన్నారు. కాలరక్క అప్పటికే లేదు, పంటి నొప్పని డాక్టరు దగ్గరికి పోయిందట. ఆ పన్ను దాన్ని మంగళవారం నుంచీ చంపుతోంది.

నేను తలుపు లాగాను. లాగితే దానంతటదే పడే తాళం అది, బాబాయే బిగించాడు. టక్కుమని పడింది.

"ఎనిమిదిదాకా రావనుకున్నాను. అప్పటిదాకా కూర్చుందామనే వచ్చాను" అన్నాడు.

"వచ్చాను కదా. మాట్లాడు."

అత్తయ్యకి చూపు మసక, వినికిడి అంతకన్నా మసక. మా ఇద్దరి మొహాల మధ్య ఎక్కడో చూస్తూ, "బొంత వదలండర్రా! మంగళవారం కూడా ఇంతే. పట్టపగలు వచ్చి నా మీద బొంత లాగేసింది ఈ పిల్ల. చలికి చచ్చాను" అంది.

"మంగళవారం నేను పనిలో ఉన్నాను అత్తయ్యా" అన్నాను గట్టిగా.

"ఆఁ, టీ పెట్టు" అంది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయన వచ్చాక ఈ వీధిలో ఒక్క దొంగతనమైనా జరిగిందా?"

రోజూ మెట్ల మీద మొదలుపెట్టే మాటే అది. రోజూ చెప్పే జవాబే చెప్పాను. "ఎలా జరుగుతుంది? దొంగలందరికీ ఉద్యోగాలిచ్చాడుగా."

రోజూ అయితే ఇక్కడ ఆయన ఆకురాయి పక్కన పెట్టి నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు. ఆ బొటనవేలు మాత్రం బొంత అంచు మీద కదులుతూనే ఉంది.

"వార్డు రక్షణ కమిటీ వేశారు. నన్ను అందులో పెట్టారు."

"చప్పట్లు కొట్టనా?"

"వెటకారం వద్దమ్మాయ్. పద్దెనిమిదేళ్ళు జెండా మోశాను. ఎవడూ ఓ కప్పు టీ ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు పిలిచి కుర్చీ వేశారు. ఎందుకో అనుకున్నాను. ఇవాళ పొద్దున ఓ చీటీ చేతిలో పెట్టారు. ఐదు ఇళ్ళు రాశారు. రేపు పొద్దున ఎనిమిదింటికి సోదాకి వస్తారట. తలుపులు పగలగొడితే వీధికి చెడ్డపేరట. నేనుంటే ఆ బాధ ఉండదు కదా అన్నారు."

ఈ వీధిలో సగం తలుపుల తాళాలు ఆయన చేత్తో బిగించినవే. ఎవరింటి తాళంచెవికి ఎన్ని గాట్లో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ పనితనాన్ని చూసి మేమందరం మురిసిపోయేవాళ్ళం.

"మనది ఎన్నో ఇల్లు?" అన్నాను.

"మూడోది."

"నువ్వేమన్నావు?"

ఆయన నేల వైపు చూశాడు. "సరేనన్నాను."

"సరేనన్నావా! పదకొండేళ్ళు నా గుమ్మం ముందు కూర్చున్నావు. మా ఆయన పోయిన రోజు నాకంటే ముందు నువ్వే ఏడ్చావు. ఈ ముసలావిడకి నీ భార్య రోజూ మందు వేస్తుంది. సరేనని ఎలా అనబుద్ధేసింది బాబాయ్?"

"అరవకు. అరిస్తే ఓడినట్టు."

"ఓడితే ఓడాను! ఇదేమన్నా చిక్కుళ్ళు ఒలిచే వేళా?"

"పెద్దాయనకి ఇవన్నీ తెలియవు అమ్మాయ్. కిందవాళ్ళు అత్యుత్సాహంతో చేస్తారు. ఆయనదాకా వెళ్తే..."

"ఆయనదాకా ఎవరు వెళ్తారు? నువ్వు వెళ్తావా? ప్యాంట్ల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వెళ్ళలేదా? గేటు దగ్గర నాలుగు రోజులు నిలబడ్డారు. కారు అద్దం కూడా దించలేదు నీ పెద్దాయన."

మెట్ల మీదైతే ఏదో ఒకటి అనేవాడు, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందనైనా అనేవాడు. ఇక్కడ బొంత అంచు వైపు తల దించాడు. నాకు గెలిచినట్టు అనిపించలేదు, భయం వేసింది.

"విను" అన్నాడు. "నిన్ను హెచ్చరించడానికి నేను రాలేదు. హెచ్చరిస్తే కమిటీకి ద్రోహం. నేను మాటిచ్చిన మనిషిని. నేను వచ్చింది రాజకీయం మాట్లాడటానికే. పదకొండేళ్ళుగా నిన్ను ఒక్క విషయంలో కూడా ఒప్పించలేకపోయాను. ఈ ఒక్కసారి ఒప్పుకో. ఆ కాగితాలు నీ చేత్తో నువ్వే తీసుకెళ్ళి రేపు వాళ్ళకి ఇచ్చెయ్. నేను నీ పక్కనే నిలబడతాను. మా ఇంటి పిల్ల, ఎవరో చెప్తే తెలియక చేసింది అంటాను. నీ పని పోకుండా నేను చూసుకుంటాను."

"మిగతావాళ్ళ పని?"

"మిగతావాళ్ళు నాకెవరు?"

"నాకు తెలుసు ఎవరో! నూట పదకొండు మంది. ఒక్కొక్కరి ఇంట్లో ఎంతమంది తింటారో కూడా నాకు తెలుసు."

అనేశాక నాలిక కరుచుకున్నాను. ఏ కాగితాలు అని అడగాల్సిన దాన్ని, లెక్కతో సహా అప్పజెప్పేశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు, వినకూడనిది విన్నట్టు.

"అందుకే నీతో రాజకీయం మెట్ల మీదే బాగుంటుంది" అన్నాడు నెమ్మదిగా. తర్వాత మోకాళ్ళ మీది బొంత మూల రెండు వేళ్ళతో పైకెత్తాడు. "నేను విప్పలేదు. మీ పిన్నికి నిన్నట్నుంచి జ్వరం. ముసలావిడకి మందు వెయ్యడానికి నేనే వచ్చాను. అప్పుడు చూశాను. చేతిపని చేసేవాణ్ణి కదా, కంటికి ఆనింది. బొంతంతా చూడు, పీలికలు. ఎక్కడికక్కడ ఊడిపోతోంది. ఈ ఒక్క మూల చూడు. గీత గీసినట్టు లేదూ? కుట్టుకీ కుట్టుకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత అందంగా కుడితే ఎలా అమ్మాయ్? పనితనం చూపించుకునే చోటా ఇది? నాకే తెలిసిపోయింది, వెతకడానికి వచ్చేవాడికి తెలియదా?"

నేను వంగి చూశాను.

నేను కుట్టిన వంకర కుట్టు లేదక్కడ. నేను వాడిన పాత నల్లదారం లేదు. బూడిదరంగు దారం, మా ఫ్యాక్టరీ దారం. బాబాయ్ చెప్పినట్టే, గీత గీసినట్టు ఉంది.

అది నా కుట్టు కాదు.

నోటిదాకా వచ్చింది ఆ మాట. పదకొండేళ్ళుగా మా ఇంట్లో ఏది పాడైనా ముందు ఆయనకే చెప్పేదాన్ని. పంపు కారినా, అత్తయ్య పడినా, మా ఆయన ఊపిరి ఆగినా. కానీ ఆయన జేబులో ఐదు ఇళ్ళ చీటీ ఉంది. మాట మింగేశాను.

"తాళంచెవి వాళ్ళకి ఇచ్చేశావా?" అని మాత్రం అడిగాను.

"మేకుకే ఉంది." ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టేశాయేమో, మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య పాదాల మీద బొంత సర్దాడు. "నేను అబద్ధం చెప్పలేనమ్మాయ్. వాళ్ళు అడిగితే ఇస్తాను. కానీ ఎనిమిదింటిదాకా నన్నెవరూ అడగరు. తెల్లారేలోగా బాగా ఆలోచించుకో."

అది బెదిరింపో, దయో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో ఆయన మీద పీకల్దాకా కోపం వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యకుండా తలుపు తీసి పట్టుకున్నాను.

గడప దాటాక ఆయన మొహం కాస్త తేలిక పడింది. మెట్ల మలుపు చేరాడు కదా, అలవాటైన చోటు. వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో, "అన్నట్టు, ఆ కొత్త తాళంచెవి సరిగ్గా తిరుగుతోందా?" అన్నాడు.

"ఏ కొత్త తాళంచెవి?"

"అదే, మంగళవారం చేసిచ్చానుగా. నీది మిషన్‌లో పడి వంగిపోయిందని, నువ్వే పంపావని మీ ఫ్యాక్టరీ ఆవిడ వచ్చింది. మేకు మీది చూసి అప్పటికప్పుడు చేసిచ్చాను. ఆవిడ ఒకటే తొందర పెట్టేసింది, ఒక గాటు లోతు చాల్లేదు. తిప్పితే సగంలో పట్టేస్తుంది. కొంచెం వెనక్కి లాగి తిప్పాలి. ఇలా తే, రెండు నిమిషాల్లో రుద్దేస్తాను."

నా తాళంచెవి నా చీర కొంగుకే ఉంది. దానికి ఏ వంకరా లేదు.

"మెడలో టేపు వేసుకుందా?" అన్నాను.

"వేసుకుంది. దవడ పట్టుకుని ఉంది పాపం, పంటి నొప్పనుకుంటాను. ఏం, నువ్వు పంపలేదా?"

ఆయన చూపు మారింది. ఒక్క మాట చెప్తే చాలు. లేదు బాబాయ్, నేను పంపలేదు, నన్నెవరో ముంచుతున్నారు, అంటే చాలు. ఆయన నమ్ముతాడు, నాకు తెలుసు. నమ్మి, రేపు ఎనిమిదింటికి కమిటీ వాళ్ళు అడిగితే ఇది కూడా నిజాయితీగా చెప్పేస్తాడు. అదీ నాకు తెలుసు.

"నేనే పంపాను" అన్నాను. "బాగానే తిరుగుతోంది."

పదకొండేళ్ళలో ఆయనకి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆయన తలూపి తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆరున్నరైంది. చిక్కుళ్ళ పళ్ళెం గుమ్మం పక్కన ఖాళీగా ఉంది. నేను తలుపు లాగాను, తాళం పడింది. గడియ పెట్టాలని కూడా తోచలేదు.

కత్తెర తీసుకుని మంచం పక్కన కూలబడ్డాను.

"మళ్ళీ లాగుతున్నావా బొంత?" అంది అత్తయ్య. "మంగళవారం కూడా ఇంతే. పలకరిస్తే పలకవు."

అత్తయ్య మాట ఎవరం వింటాం? మూడు రోజులుగా చెప్తూనే ఉంది. మతి తప్పిందనుకున్నాను. ఆమెకి మనిషి ఆకారమే కనిపిస్తుంది, మా ఇంట్లోకి తాళం తీసుకుని వచ్చే ఆడమనిషి నేనే అనుకుంది. అంతకంటే ఎవరేం అనుకుంటారు?

దీపం దగ్గరికి జరిపి కుట్టు చూశాను. కుట్లన్నీ ఒకే తీరుగా ఎడమకి వాలి ఉన్నాయి. కుడిచేత్తో కుట్టేవాళ్ళ కుట్టు కుడికి వాలుతుంది. మా లైనులో అరవై మందిమి ఉన్నాం, ఎడమకి వాలే కుట్టు ఒక్కటే ఉంది. ఇరవై ఏళ్ళుగా నా ముందు కూర్చుని టాకాలేస్తుంటే రోజుకి వందసార్లు చూసిన కుట్టు. పట్టుబడకుండా వంకరగా కుట్టాలని దానికి తోచలేదో, తోచినా చేతులు మాట వినలేదో. నాకు మూడుసార్లు విప్పితే గానీ రాలేదు కదా.

కుట్టు తెంపి లోపలికి చెయ్యి పెట్టాను. కాగితాలు తగిలాయి. ప్రాణం లేచొచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ ఉన్నాయి. తప్పుగా అనుకున్నానేమో, భద్రంగా ఉన్నాయో లేదో చూడటానికే వచ్చిందేమో, పాపం మంచి మనసుతోనే కుట్టిందేమో, అనుకున్నాను. ఒక్క నిమిషం అలా అనుకోనిచ్చింది నా పిచ్చి మనసు.

మొదటి కాగితం విప్పాను. మిగతా మూడింటి కంటే అది అంగుళం పొట్టిగా ఉంది.

పైన ఒక పట్టీ కత్తిరించేశారు. కాలరు గుడ్డ కత్తిరించినట్టు, ఎక్కడా చిన్న పీచు కూడా లేకుండా. మొదటి సంతకం ఉన్న చోటు. కాలరక్క పేరు, టోకెన్ నంబరు, ఇంటి చిరునామా, ఏవీ లేవు. ఇప్పుడు ఆ నాలుగు కాగితాల్లో తను ఎక్కడా లేదు. నూట పదకొండు మందిమే మిగిలాం, అందరికంటే పైన నా పేరుంది.

రేపు ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు కాగితం విప్పగానే చదివే మొదటి పేరు నాది. వీళ్ళందర్నీ కూడగట్టింది ఎవరు అని అడిగితే, ఆ కాగితమే చెప్తుంది నేనని. మా ఇల్లు చీటీలోకి ఎలా ఎక్కిందో అప్పుడు అర్థమైంది. పక్కింట్లో పెద్దాయన మనిషి ఉన్నందుకు నేను భయపడుతూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ. నా భయం కూడా తప్పు గుమ్మం వైపే చూసింది.

కాగితాలు జాకెట్టులోకి దోపుకుందామని లేచాను. అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. పిన్నివి కావు, ఆవిడ జ్వరంతో పడుకుని ఉంది. ఒక్కొక్క మెట్టూ ఆచితూచి ఎక్కుతున్నారు, చెప్పులు చేత్తో పట్టుకున్నట్టు.

బోర్డు మీద ఎనిమిదింటిదాకా నా పేరుంది. నా మిషన్ మొరాయించకముందే ఫ్యాక్టరీలోంచి వెళ్ళిపోయిన మనిషికి, నేను ఇంట్లో ఉన్నానని తెలిసే దారి లేదు.

అడుగులు మెట్ల మలుపులో ఆగాయి. బాబాయ్ గుమ్మం ముందు కాదు, నా గుమ్మం ముందు. ఎవరూ తలుపు తట్టలేదు. ఎవరూ పిలవలేదు.

తాళంలోకి చెవి దూరింది. తిరిగింది. సగంలో పట్టేసింది.

కొంచెం వెనక్కి లాగి, మళ్ళీ తిప్పారు.